తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పిల్లలూ,

మీ చుట్టుపక్కల బళ్లకీ, అనాథాశ్రమాలకీ, వృద్ధాశ్రమాలకీ ఆపద వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడంలో సాయం చేద్దామనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగారు. చాలా సంతోషం. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చెప్పడానికి నా దగ్గర చాలానే ఉంది. ముందు ఒక్క మాట. నలభై పేజీల ప్లాన్ రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి, హెడ్మాస్టర్ చేతికిచ్చి ఫొటో దిగడానికైతే మాత్రం వెళ్లొద్దు. ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది, బీరువా తాళం క్లర్కు దగ్గర ఉంటుంది, అవసరం పడ్డ రోజున క్లర్కు లీవులో ఉంటాడు.

తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో జరిగిన సంగతి మీరు పుట్టకముందుది. 2004 జూలై 16న అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండేచోట మంట లేచి, ఆకుల కప్పుకు అంటుకుంది. పై అంతస్తులో చిన్నపిల్లలు, దిగడానికి ఇరుకు మెట్లు. 94 మంది పిల్లలు పోయారు. ఆ పొయ్యి, ఆ కప్పు, ఆ మెట్లు అన్నీ రోజూ అందరి కళ్లముందూ ఉన్నవే, అందులో ఎవరికీ తెలియని రహస్యమేమీ లేదు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బళ్లలో మంటలార్పే పరికరాలు ఉండాలనీ, వాటిని వాడటం సిబ్బందికి నేర్పాలనీ ఆదేశించింది. ఇప్పుడు చాలా బళ్లలో ఎర్ర సిలిండర్ గోడకు వేలాడుతూనే ఉంటుంది. దాని గేజిలో ముల్లు ఆకుపచ్చ గీత మీద ఉందా, పిన్నుకి సీలుందా, రీఫిల్ తేదీ దాటిపోయిందా అన్నది చూడండి. అంతకంటే ముందు, దాని దగ్గరికి మనిషి చేరగలడా అన్నది చూడండి. వార్షికోత్సవం నాటి థర్మాకోల్ బొమ్మలూ, జవాబు పత్రాల కట్టలూ దాని ముందే పేర్చి ఉంటాయి, ఎందుకో తెలీదు, అన్ని బళ్లలోనూ అదే చోటు దొరుకుతుంది వాళ్లకి! ఇంకోటి, చిన్న సిలిండర్‌లో పొడి అర నిమిషం కూడా రాదు. పిన్ను లాగి మంట మొదట్లోకి కొట్టాలని కనీసం ఇద్దరు టీచర్లకైనా చేత్తో చేసి తెలిసుండాలి, గోడ మీది బొమ్మ చూసి ఆ టెన్షన్‌లో నేర్చుకునేది కాదది.

అడగాల్సినవాళ్లలో ప్రిన్సిపల్ చివరివాడు. వాచ్‌మన్‌నీ, ఆయానీ, వంటమ్మనీ అడగండి. వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, వాచ్‌మన్ టీకి వెళ్లినప్పుడు ఎవరికిస్తాడు? గంట కరెంటుదైతే కరెంటు పోయినప్పుడు ఏం మోగిస్తారు? (మా కాలంలో వేలాడదీసిన రైలు పట్టా ముక్కనే వాయించేవాళ్లం, దానికి బ్యాకప్ అక్కర్లేదు.) గ్యాస్ వాసన వస్తే స్విచ్‌ల జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలని వంటమ్మకి ఎవరైనా చెప్పారా? చక్రాల కుర్చీలో వచ్చే పాప మేడ మీది క్లాసులో ఎందుకుంది? ఈ చివరి ప్రశ్నకి చాలాచోట్ల జవాబు ఉండదు, ఆ క్లాసుని కిందికి మార్చేస్తే పైసా ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది.

ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించమనండి. అందరి సెల్లుల్లోనూ ఉన్నాయి కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని కొట్టాక కరెంటూ లేదు, సిగ్నలూ లేదు, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లు జేబుల్లో రాళ్లలా ఉండిపోయాయి. అత్యవసరానికి 112, అగ్నిమాపక శాఖకి 101, అంబులెన్స్‌కి 108 అని రాసి, వాటి కింద నడిచి వెళ్లి పిలవగలిగేంత దగ్గర్లో ఉన్నవాళ్ల పేర్లు రాయండి, మెడికల్ షాపాయన, ఆటో స్టాండు, ఎదురింటి వాళ్లు. నా లెక్కలో 112 కంటే ముందు చేరేది వాళ్లే.

ఆశ్రమాల సంగతి వేరు. బడిలో పిల్లలు మధ్యాహ్నం మెలకువగా ఉంటారు, ఆశ్రమంలో రాత్రి రెండింటికి నిద్రలో ఉంటారు, ఉండేది ఒక్క ఆయా. మంచం దిగలేని ముసలివాళ్లు ఎంతమంది, వాళ్ల మాత్రల చీటీ ఎక్కడుంది, వరదొస్తే ఎవరిని ముందు మేడ ఎక్కించాలి అన్నది ఆమెతో కూర్చుని తేల్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది కదా, అలాంటి చోట సెల్లార్‌లో జనరేటర్, కింది గదిలో బియ్యం, కింది అరలో రికార్డులు పెట్టుకున్న సంస్థ గతి ఏమిటో ఊహించుకోండి. వాటిని పైకి మోసే పని వానాకాలం రాకముందే మీరే చేసిపెట్టొచ్చు, నలుగురు కుర్రాళ్లకి ఒక పూట పని.

డ్రిల్ తప్పకుండా చేయించండి. బయటికి ఎంత వేగంగా వచ్చారన్నదాని మీదే అందరి దృష్టీ ఉంటుంది, అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. టీచర్ హాజరు పట్టీ చేత్తో పట్టుకొచ్చిందా, మైదానంలో తలలు లెక్కపెట్టిందా, బాత్రూంలో ఉన్నవాణ్ణీ ఆఫీసుకి చాక్‌పీసుల కోసం వెళ్లినవాణ్ణీ ఎవరు చూస్తారు? ఈలోగా వాట్సాప్‌లో ఏదో పుకారు పాకి తల్లిదండ్రులు గేటు మీద పడతారు. ఎవరి బిడ్డని ఎవరికి అప్పగించారో రాసుకునే మనిషి ఒకరు గేటు దగ్గర ఉండకపోతే, ఇంటికి చేరిన పిల్లాడి కోసం లోపల వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇన్‌స్పెక్టర్లలా మాత్రం వెళ్లకండి. అసలే అధికారులకి జవాబులు చెప్పుకోలేక విసిగిపోయి ఉంటారు, మీరూ తప్పులు పట్టుకుని ఫొటోలు తీస్తే రెండోసారి గేటు తీయరు. చివరికి రాసేది ఒక్క పేజీ చాలు, అదీ వాళ్ల మాటల్లోనే, వాళ్లలో ఒకరి చేతిరాతతో ఉంటే ఇంకా మంచిది. మీరు కూడా ముందు ప్రథమ చికిత్స నేర్చుకోండి, రెడ్‌క్రాస్ వాళ్లు నేర్పుతారు. విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకి ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ మీ జిల్లాలో ఉందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి. ఏటా జూన్‌లో బళ్లు తెరిచినప్పుడు మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే వాచ్‌మన్ మారతాడు, టీచర్లు బదిలీ అవుతారు, ఆ పేజీలో సగం పేర్లు పాతబడిపోతాయి.

మొదటి బడి మీరు చదువుకున్నదే పెట్టుకోండి. అక్కడి దొడ్డిదారులన్నీ మీకు ముందే తెలుసు కదా!

మీ తాతయ్య