పక్కకు చూసే బంకర్లు

చి. చిట్టికి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నా వెనకాల కనబడిన బూడిదరంగు దిమ్మ ఏంటని అడిగారు. చిట్టి వాటర్ ట్యాంక్ అంది, బుజ్జిగాడు గుడి అన్నాడు. అది బంకర్, అంటే సైనికులు లోపలుండి తుపాకీ పేల్చే కాంక్రీటు గది, అని నేను చెప్పేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

చదివే ముందు ఒక పని చేయండి. కాగితం మీద ఒక గది గీయండి. కాగితం పైవైపు నుంచి శత్రువు వస్తున్నాడు. మీరు గదిలో మెషిన్ గన్ పట్టుకుని ఉన్నారు. తుపాకీ బయటికి పెట్టడానికి ఏ గోడకి కన్నం పెడతారో పెట్టండి. పెట్టారా? ఆ కాగితం దగ్గరే ఉంచుకోండి.

మీ పెద్దమ్మ వాళ్లుండే ఓస్ట్రావా చెక్ దేశంలో ఉందని మీకు తెలుసు. అక్కడి నుంచి కారులో వెళ్తే అరగంట కూడా పట్టలేదు, హ్లుచీన్ అనే చిన్న టౌను, దాన్ని ఆనుకుని దార్కోవిచ్కి అనే ఊరు. ఊరి బయట చేల మధ్యలో ఈ బంకర్ల మ్యూజియం. పైకప్పూ అద్దాల అలమరాలూ లేవు. పచ్చగడ్డిలో నడుచుకుంటూ పోవాలి, ఒక్కో చోట ఒక్కో బంకర్ భూమిలోంచి వీపు పైకెత్తిన తాబేలులా కనిపిస్తుంది. పెద్ద బంకర్లకి పేర్లున్నాయి. ఆలేయ్ అంటే చెట్ల బాట, ఓరెల్ అంటే గద్ద, ఓబొరా అంటే జింకల వనం. ఇంత మొరటు కాంక్రీటుకి ఇంత ముద్దు పేర్లేంటని మీ అమ్మమ్మ ఒకటే నవ్వు.

ఇవన్నీ 1935 నుంచి 1938 మధ్య కట్టారు. అప్పుడు ఈ దేశం పేరు చెకోస్లొవేకియా. పక్కన జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చి సైన్యాన్ని పెంచుతున్నాడు. అప్పటి జర్మనీ సరిహద్దు ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లే. ఇప్పుడు అటువైపున్నది పోలండ్. మేం సాయంత్రం కారులో దాటి వెళ్లి ఐస్‌క్రీం తిని వచ్చాం, ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు. అప్పుడు మాత్రం జర్మన్లు రేపొస్తారా ఎల్లుండొస్తారా అని టెన్షన్. అందుకని సరిహద్దు పొడుగునా బంకర్లు పోసుకుంటూ పోయారు. చిన్నవి దాదాపు 10,000, పెద్దవి 250కి పైగా, మూడు నాలుగేళ్లలో! నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినన్నాళ్లూ ఒక్క అక్విడక్టు మూడేళ్లలో పూర్తవడం చూడలేదు.

నా కళ్లు ముందు కాంక్రీటు మీదకే పోయాయి, ఏం చేస్తాను, పాత అలవాటు. గోడ మీద సెంట్రింగ్ చెక్కల అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. చెక్కలోని కణుపులూ గీతలూ కూడా చేత్తో తడిమితే తెలుస్తున్నాయి. ఆ చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, దాని వేలిముద్ర 80 ఏళ్లు దాటినా గోడ మీదే ఉంది. ఎక్కడా జాయింట్ గీత కనబడలేదు. ఎందుకంటే పోత మొదలుపెడితే రాత్రీ పగలూ ఆపకుండా ఒకేసారి పోసేవాళ్లు. మన డాబా మీద స్లాబ్ పోస్తుంటే వానొచ్చి మధ్యలో ఆపారు, గుర్తుందా? ఆ అతుకు దగ్గరే ఇప్పటికీ నీళ్లు కారుతున్నాయి. ఫిరంగి గుండుకైతే అలాంటి అతుకు చాలు, గోడ అక్కడే పగిలిపోతుంది.

ఇక చిన్న బంకర్‌లోకి వెళ్దాం. వీటిని ఇక్కడివాళ్లు ముద్దుగా ర్జోపిక్ అంటారు. వీటిని కట్టించిన డైరెక్టరేట్ పేరులోని పొడి అక్షరాల నుంచి వచ్చిన పేరు. వెనకవైపు ఒక పొట్టి తలుపు. వంగి వెళ్లాలని మీ పెద్దమ్మ చెబుతూనే ఉంది, నేను నుదురు కొట్టుకున్నాను. లోపల మన వంటింటికి సరిపడా చోటు కూడా లేదు. అందులో ఏడుగురు. కరెంటు లేదు. తుపాకీ పేలిస్తే పొగంతా గదిలోనే నిండుతుంది కాబట్టి గోడకి చేత్తో తిప్పే ఫ్యాన్ ఒకటి. ఒకడు పేలుస్తుంటే ఇంకొకడు చెరుకురసం బండివాడిలా ఆ పిడి తిప్పుతూనే ఉండాలి. శత్రువు గోడ దాకా వచ్చేస్తే గ్రెనేడ్ బయటికి జారవిడవడానికి గోడలోంచి ఒక గొట్టం. పైకి చూడ్డానికి కప్పులోంచి పెరిస్కోప్.

ఇప్పుడు మీ కాగితం తీయండి. ఇద్దరూ కన్నం పైగోడకే, శత్రువు వచ్చే వైపే పెట్టి ఉంటారు. నేనూ అక్కడే వెతికాను. లేదు! శత్రువు వైపు గోడకి తుపాకీ కన్నమే లేదు. 80 సెంటీమీటర్ల మందం కాంక్రీటు, దాని ముందు రాళ్లూ మట్టీ పోసి మూసేశారు. కన్నాలు రెండూ కుడి ఎడమ గోడలకి ఉన్నాయి. అంటే లోపలున్నవాడు తన ముందుకొచ్చేవాణ్ని కొట్టలేడు. అతను పక్క బంకర్ ముందున్న జాగాని కాపలా కాస్తాడు. పక్క బంకర్ వాడు ఇతని ముందు జాగాని కాస్తాడు. పంటకాలంలో మంచెల మీద పడుకునేవాళ్లు నీ చేను నేను చూస్తా, నా చేను నువ్వు చూడు అనుకుంటారే, అచ్చం అలాగే. దూరం నుంచి శత్రువు ఎంత గురిపెట్టినా రాయీ మట్టే తగులుతాయి. తుపాకీ ఎక్కడుందో తెలిసేసరికి వాడు రెండు బంకర్ల మధ్యలో ఇరుక్కుని ఉంటాడు.

ఈ లెక్కలో చిక్కు ఒక్కటే. పక్కవాడు కచ్చితంగా ఉండాలి.

చెకోస్లొవేకియాకి అలాంటి పక్కవాడు ఫ్రాన్స్. 1924లోనే రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. పెద్ద బంకర్లు ఎలా కట్టాలో నేర్పింది కూడా ఫ్రెంచివాళ్లే. 1938లో హిట్లర్, సరిహద్దు పొడుగునా జర్మన్ మాట్లాడేవాళ్లున్నారు కాబట్టి ఆ ప్రాంతాలు నాకిచ్చేయమన్నాడు. సెప్టెంబర్ 23 రాత్రి రేడియోలో ఈ దేశం యుద్ధానికి సిద్ధం కమ్మని పిలుపిచ్చింది. పది లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. బంకర్లలో మనుషులు, తుపాకులు, గుండ్లు అన్నీ సిద్ధం. వారం తిరక్కుండానే మ్యూనిక్‌లో నలుగురు కూర్చున్నారు. హిట్లర్, ఇటలీ నియంత ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే. ఎవరి భూమి ఇవ్వాలో వాళ్లని మాత్రం బల్ల దగ్గరికి పిలవలేదు. చాంబర్లేన్ అంతకుముందే రేడియోలో, ఎక్కడో దూరదేశంలో మనకేమీ తెలియని జనాల మధ్య గొడవ అన్నాడు. భూమి ఇచ్చేయాలని నలుగురూ తేల్చేశారు. చెక్ వాళ్లు ఇప్పటికీ దీన్ని "మా గురించి, మేం లేకుండా" అంటారు.

బుజ్జిగాడు అడిగేది నాకు తెలుసు, ఈ బంకర్లలోంచి ఎంతమందిని కాల్చారు తాతా అని. 1938లో యుద్ధమే జరగలేదురా. సైనికులు తాళాలు అప్పగించినట్టు బంకర్లు అప్పగించి ఇళ్లకి వెళ్లిపోయారు. పోరాడి ఉంటే ఏమయ్యేదని ఇక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. అదే ఏడాది మార్చిలో ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకోవడంతో దక్షిణం వైపు కూడా జర్మనీయే అయింది, అటువైపు బంకర్లు అంతంతమాత్రం. మూడు గోడలు కట్టి నాలుగోది సగంలో ఉన్న ఇల్లు అన్నమాట. నాకైతే, తోడు రానని మిత్రుడే చెప్పేశాక వాళ్లని పిరికివాళ్లు అనడానికి నోరు రాదు. 1939 మార్చి 15న మిగిలిన చెక్ భూమి మీదకి కూడా జర్మన్ సైన్యం వచ్చేసింది.

ఆ తర్వాత సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బయట గడ్డిలో ఇనుప కోణాలు మూడు అడ్డదిడ్డంగా కలిపి బిగించిన ముళ్లగుత్తిలాంటివి ఉన్నాయి, మీ అమ్మమ్మ పల్లేరుకాయ అంది. ట్యాంకులు ఎక్కకుండా ఆపడానికి. ఇక్కడివే జర్మన్లు పీక్కుపోయి ఫ్రాన్స్‌లో నార్మండీ సముద్రతీరంలో పాతారు. 1944లో అక్కడ దిగిన బ్రిటిష్, అమెరికన్ సైనికులకి అవే అడ్డమయ్యాయి. చెక్ ఫ్యాక్టరీల ట్యాంకులెక్కి జర్మన్లు 1940లో ఫ్రాన్స్ మీదకే వెళ్లారు. 1945 ఏప్రిల్‌లో సోవియట్ సైన్యం, దానితో కలిసి చెకోస్లొవాక్ ట్యాంక్ దళం ఈ ప్రాంతాన్ని విడిపించడానికి వస్తే, జర్మన్లు ఈ చెక్ బంకర్లలోనే దూరి పోరాడారు. చెకోస్లొవాక్ సైనికులు తమ దేశం పోసిన కాంక్రీటునే తాము పగలగొట్టుకుంటూ రావలసి వచ్చింది.

ఈ హ్లుచీన్ కథ ఇంకో రకం. 1920 దాకా ఇది జర్మనీలోది, తర్వాత చెకోస్లొవేకియాలో కలిపారు, 1938లో మళ్లీ జర్మనీ. ఇంట్లో చెక్‌కి దగ్గరి యాస మాట్లాడుకునే కుర్రాళ్లని కూడా హిట్లర్ సైన్యంలోకి తీసుకుపోయారు. ఇల్లు కదల్లేదు, గీత కదిలింది.

మన దేశానికి సంబంధించింది కూడా ఒకటి కనబడింది. బంకర్‌లోని చిన్న మెషిన్ గన్, మేగజైన్ పైనుంచి పెట్టేది. చెక్ దేశంలోని బ్ర్నో ఊళ్లో తయారైంది. దాన్ని చూసి బ్రిటిష్‌వాళ్లు తమ దేశంలోని ఎన్‌ఫీల్డ్ అనే చోట చేసుకున్నదే బ్రెన్ గన్. ఇంగ్లిష్‌లో రాస్తే బ్ర్నోలో మొదటి రెండక్షరాలు, ఎన్‌ఫీల్డ్‌లో మొదటి రెండు. రెండో ప్రపంచయుద్ధంలోనూ ఆ తర్వాత చాలా ఏళ్లూ మన జవాన్లు మోసింది అదే.

మీ అమ్మమ్మ బంకర్ లోపలికి రానంది. బయట బల్ల మీద పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంది. నేను ఎడమవైపు కన్నంలోంచి చూశాను. జానెడు సందులోంచి ముందు ఆవచేనులా పసుపు పూల చేను, దాని చివర పక్క బంకర్ గోడ కనిపించాయి. ఆ గోడ ముందు బడిపిల్లలు గడ్డిలో దొర్లుతూ అరుస్తున్నారు. కాసేపటికి బయటినుంచి మీ అమ్మమ్మ కేక, "ఏమండీ, మీ ముందేముందో కనబడుతోందా అందులోంచి?"

"లేదు," అన్నాను.

"నేనే ఉన్నా. రండి, చల్లారిపోతోంది."

ఇట్లు,
మీ తాతయ్య