మూత తీస్తేనే మరిగే నీళ్ళు

వేసవి సెలవులలో కుటుంబంతో కారులో తిరుమల వెళ్ళి వచ్చిన మా మేనల్లుడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎర్ర గీతను తాకిందట. కారు పక్కకు తీసి, బానెట్ ఎత్తి చూస్తే ఆవిరి లేదు, బుసబుసమనే చప్పుడూ లేదు. ఇంజను నీటిని గాలితో చల్లార్చే రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ సీసా మాత్రం నిండి పొర్లి ఉంది. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో చూద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే, వెనక ఆగిన జీపు డ్రైవరు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని లాగేశాడట. "లోపల నీళ్ళు మరగడమే లేదు కదా మామయ్యా, మరి మూత తీస్తే ముఖం కాలిపోతుందని ఆయన ఎందుకు అన్నాడు?" అన్నది వాడి సందేహం.

ఆ డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజం. నీళ్ళు మరగడం లేదని మేనల్లుడు గమనించినదీ నిజమే. అవి మరగకపోవడానికి ఆ మూతే కారణం. మూత తీసిన క్షణంలోనే మరుగుతాయి. కారు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఈ చిన్న మూత.

నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని బడిలో అందరం వల్లె వేశాము. ఆ వాక్యానికి ముందు "సాధారణ వాతావరణ పీడనం వద్ద" అన్న మాట ఒకటి ఉంటుంది. పరీక్షలో మార్కులు పోవు కనుక పిల్లలు దానిని వదిలేస్తారు, ఉపాధ్యాయులూ పట్టించుకోరు. నిజానికి ఆ పాఠంలో ప్రాణం ఆ మాటలోనే ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమనేంత, అంటే 60, 70 డిగ్రీల వేడి నీళ్ళు సూది లేని సిరంజిలోకి కొద్దిగా తీసుకుని, మొన మూసి పిడిని బలంగా వెనక్కు లాగితే, పొయ్యి అవసరం లేకుండానే ఆ నీళ్ళు బుడగలు కక్కుతూ మరగడం తరగతిలోని పిల్లలందరికీ చూపించవచ్చు. పీడనం తగ్గితే మరుగు స్థానం దిగుతుంది, పెరిగితే ఎక్కుతుంది. సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 88 డిగ్రీల దగ్గరే.

ఇక వంటింటిలోని కుక్కర్ చేసే పని దీనికి తారుమారు. విజిల్ బరువు లోపలి ఆవిరిని అదిమి పట్టడం వల్ల పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు దాకా పెరిగి, నీరు 120 డిగ్రీల వరకూ మరగకుండా నిలుస్తుంది. పప్పు త్వరగా ఉడికేది అందుకే. రేడియేటర్ మూతలో విజిల్ బరువుకు బదులు స్ప్రింగు ఉంటుంది. మూత పైన 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉండే అంకె, బయటి గాలి కన్నా ఎంత అధిక పీడనాన్ని ఆ స్ప్రింగు ఆపగలదో చెబుతుంది (1 అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం). ఆ అంకె దాటినప్పుడు రబ్బరు చక్రం లేచి, ఎక్కువైన నీటిని పక్క సీసాలోకి వదులుతుంది. ఇంజను చల్లారాక లోపల నీరు కుంచించుకుపోయి పీడనం పడిపోయినప్పుడు, అదే మూత మధ్యలో ఉండే మరో బుల్లి కవాటం తెరుచుకుని, వదిలిన నీటిని సీసా నుంచి తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. కుక్కర్‌కు ఈ రెండవ విద్య లేదు.

అయితే కారుకు కుక్కర్ ఎందుకు? వంటింటిలో మనకు వేడి కావాలి, ఇంజనులో వేడిని వదిలించుకోవాలి. పెట్రోలు మండి పుట్టిన శక్తిలో చక్రాలను తిప్పేందుకు పనికివచ్చేది ఇంచుమించు మూడో వంతే. మరో మూడో వంతు పొగతో పాటు గొట్టంలోంచి పోతుంది, మిగిలినదానిలో అధిక భాగం నీటికి చేరుతుంది. మనుషులతో కలిపి 1400 కిలోలున్న కారు తిరుపతి నుంచి తిరుమలకు, అంటే నిట్టనిలువుగా 700 మీటర్లు పైకి వెళ్ళడానికి కావలసిన పని సుమారు 96 లక్షల జౌళ్ళు. కేవలం ఆ ఎత్తు ఎక్కడానికే దాదాపు లీటరు పెట్రోలు ఖర్చవుతుంది, రమారమి కోటి జౌళ్ళ వేడి నీటి మీద పడుతుంది. ఆ వేడితో 34 లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా కాచవచ్చు. కారులో ఉండే నీరేమో అయిదారు లీటర్లు. కాబట్టి అదే నీరు తిరిగి తిరిగి ఇంజనులో వేడిని ఎత్తుకుని రేడియేటర్‌లో గాలికి ఇచ్చేసి రావాలి; అదీ కారు మెల్లగా కదులుతూ, ఎదురుగాలి అంతగా తగలని చోట.

రేడియేటర్ గాలికి ఇవ్వగల వేడి, నీటికీ గాలికీ మధ్య ఉండే ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. వేసవిలో బయట 40 డిగ్రీలు ఉన్నదనుకుందాము. మూత లేకపోతే ఆ కొండ మీద నీరు 97 దాటలేదు కనుక తేడా 57. మంచి మూత ఉంటే నీరు మరగకుండానే 115 వరకూ వెళ్ళగలదు, అప్పుడు తేడా 75. రేడియేటర్‌ను ఒక్క అంగుళం పెంచకుండా, అదే ఫ్యానుతో, దాదాపు మూడో వంతు ఎక్కువ వేడి బయటికి పోతుంది. ఈ లెక్కను మొదటిసారి వేసుకున్న రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

మూత చేసే మేలు ఇంకొకటి, ఇంతకన్నా లోతైనది, ఇంజను తల భాగంలో జరుగుతుంది. సిలిండరులో మండే వాయువులు 2000 డిగ్రీలు దాటుతాయి. వాటికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్న అల్యూమినియం 600 డిగ్రీల ప్రాంతంలోనే కరిగిపోగలదు. ఆ లోహపు గోడకు తగిలే నీటిలో చిన్న చిన్న బుడగలు పుట్టి, వెంటనే చుట్టూ ఉన్న చల్లటి నీటిలో కలిసి నశిస్తుంటాయి. ఇది మంచి మరుగుడు. ప్రతి బుడగా పుట్టేటప్పుడు తన గుప్తోష్ణాన్ని, అంటే నీరు ఆవిరిగా మారడానికి కావలసిన వేడిని, గోడ నుంచే లాక్కుంటుంది. వేడి మరీ పెరిగినా, పీడనం తగ్గినా, ఆ బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి గోడకూ నీటికీ మధ్య ఆవిరి పొరగా పరుచుకుంటాయి. దోసెలు పోసేవారందరికీ ఈ పొర పరిచయమే. పెనం ఓ మాదిరిగా వేడెక్కినప్పుడు చిలకరించిన నీళ్ళు చుయ్యిమని క్షణంలో ఇగిరిపోతాయి; బాగా కాలిన పెనం మీద మాత్రం ముత్యాలలా దొర్లుతూ చాలా సేపు నిలుస్తాయి. ఆ ముత్యం కింద ఆవిరి పరుపు ఉంది, అది వేడిని దాటనివ్వదు. కాల్చిన ఇనుప గరిటెలో నీటి చుక్కలు వేసి ఈ వింతను పరిశీలించి 1756లో వర్ణించినవాడు జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్. నీటిలో మునిగిన సన్నటి లోహపు తీగను విద్యుత్తుతో వేడి చేస్తూ, మంచి మరుగుడు చెడ్డ మరుగుడుగా మారే హద్దును 1934లో కొలిచి చూపినవాడు జపాన్ శాస్త్రవేత్త షిరో నుకియామా. మామూలు పీడనం వద్ద ఆ హద్దు చదరపు మీటరుకు సుమారు 10 లక్షల వాట్లు. పీడనం పెరిగితే ఆ హద్దు కూడా పైకి జరుగుతుంది. అంటే మూతలోని స్ప్రింగు రేడియేటర్‌ను మాత్రమే కాదు, చేతికి అందని ఇంజను లోపలి గోడను కూడా కాపాడుతున్నది. ఆ హద్దు దాటితే తల భాగం వంకర పోతుంది, దాని కింద నీరూ నూనే కలవకుండా ఆపే గాస్కెట్ పొర చీలుతుంది, నూనెలో నీళ్ళు కలిసి పాలకాఫీ రంగుకు వస్తుంది.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు జవాబు. మూత వల్ల 115 డిగ్రీల వద్ద ఊరుకున్న 5 లీటర్ల నీరు, మూత తీయగానే సుమారు 100 డిగ్రీలకు దిగక తప్పదు. ఆ 15 డిగ్రీల మిగులు వేడి వల్ల నీటిలో దాదాపు 2.8 శాతం, అంటే 140 గ్రాములు, అప్పటికప్పుడు ఆవిరి అవుతుంది. నూట నలభై గ్రాములంటే టీ గ్లాసెడు. కానీ 100 డిగ్రీల ఆవిరి గ్రాముకు 1.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది కనుక ఆ గ్లాసెడు నీరు 230 లీటర్లకు పైగా ఉబ్బుతుంది. పెద్ద డీజిలు డ్రమ్ము నిండి ఇంకా మిగులుతుంది. అది బయటికి వచ్చే దారి రెండంగుళాల మూతి. ఆవిరి తనకు అడ్డమున్న మరిగే నీటిని ముందుకు తోసుకుంటూ వస్తుంది, ఆ మూతి మీదికి వంగి చూస్తున్నది మన ముఖం. ఇంజను ఆపి కనీసం ముప్పావు గంట ఆగి, పై గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత ముట్టుకోవాలి.

నడపడం అంటే ప్రాణం పెట్టే మేనల్లుడు ఘాట్ మీద పెట్రోలు ఆదా అవుతుందని పెద్ద గేరులోనే ఇంజనును మూలిగిస్తూ ఎక్కించాడట. వాటర్ పంపు బెల్టు మీద, ఇంజను వేగంతోనే తిరిగే కార్లలో ఇది తప్పు. అదే ఎక్కుడు, అదే వేగం, ఒక గేరు తగ్గిస్తే ఇంజను చుట్లు పెరిగి నీరు మరింత చురుకుగా ప్రవహిస్తుంది. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడి మీద పెట్టి గాలి వదలడం కూడా పనిచేస్తుంది. కారు లోపల అది రెండవ రేడియేటర్.

ఊరికి తిరిగి వచ్చాక మెకానిక్ చేసిన మొదటి పని థర్మోస్టాట్‌ను, అంటే నీరు వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటాన్ని, పీకివేయడం. "మన ఎండలకు అది అక్కరలేదు" అన్నాడట. ఈ నమ్మకం చాలా షెడ్లలో వేళ్ళూనుకుని ఉంది, నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు, అనేక ఇంజన్లలో, రేడియేటర్‌కు వెళ్ళకుండా నీరు తప్పించుకునే అడ్డదారిని తానే మూస్తుంది. దానిని తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మామూలు రోజుల్లో ఇంజను చల్లగా నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఘాట్ ఎక్కే రోజున కొంత నీరు చల్లబడకుండానే ఇంజనులోకి తిరిగి వస్తుంది. ఆ మీదట బోరు నీళ్ళు నింపారు. మన బోర్లలోని సున్నపు నీరు లోపల పొలుసుగా పేరుకుంటుంది. వేడికి ఆ పొలుసు అదే మందం అల్యూమినియం కన్నా సుమారు నూరు రెట్లు అడ్డు.

పొర్లిన సీసా సంగతి గుర్తు చేసి, ఈసారి మూతను పరీక్షించమని చెప్పి పంపాను. మరో షెడ్డులో చేతి పంపుకు బిగించి చూశారు. 1.1 అని అచ్చు వేసి ఉన్న మూత 0.4 దగ్గరే వదిలేసింది. రబ్బరు చక్రం అంచు పగిలి ఉంది. అంటే కొండ మీద ఆ మూత నీటిని 107 డిగ్రీల వరకే మరగకుండా ఆపగలిగింది; పీడనం 0.4 దాటగానే నీరు సీసాలోకి పారిపోయింది. కొత్త మూత బిగించి, థర్మోస్టాట్ తిరిగి పెట్టించి, లోపలంతా కడిగించి, స్వచ్ఛమైన నీటితో సగానికి సగం కలిపిన కూలెంట్ పోయించాడు. పాత మూత నా దగ్గరే ఉంది. వాడు ఫోను చేసి, ఇంకోసారి కొండ ఎక్కామనీ, ముల్లు మధ్య గీత దాటలేదనీ చెప్పాడు.