మీ డిబేట్ కోసం మామ్మ రాసిన ఉత్తరం

బరంపురం

పిల్లలూ,

మీ బడిలో డిబేట్ పెట్టారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. "దేశాన్ని నడిపే పని ఆడవాళ్ళకు సరిపోతుందా" అన్నది టాపిక్ అట. పెద్దది సరిపోతుందని, చిన్నోడు సరిపోదని మాట్లాడాలట. ఇద్దరికీ మామ్మే పాయింట్లు చెప్పాలన్నారట. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఒడియా బడిలో చదువుతున్నా తెలుగు మరిచిపోలేదు కదా, నెమ్మదిగానైనా మీరే చదవండి.

ముందు ఒక మాట. ఈ టాపిక్ నాకు నచ్చలేదు. "దేశాన్ని నడిపే పని మగవాళ్ళకు సరిపోతుందా" అని ఏ బడిలోనైనా ఎప్పుడైనా డిబేట్ పెట్టారా? మగ నాయకుడు తప్పు చేస్తే ఆ మనిషి చేశాడంటాం. ఆడ నాయకురాలు తప్పు చేస్తే ఆడజాతిని మొత్తం బోనెక్కిస్తాం. మీలో ఎవరు ఏ పక్షాన మాట్లాడినా ముందు ఈ తేడా గమనించండి.

ఇందిరా గాంధీ పేరు ఎలాగూ వస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1966 జనవరిలో ఆమె ప్రధానమంత్రి అయ్యారు. మొరార్జీ దేశాయ్ ఎవరి మాటా వినడు, ఈమె అయితే మన చెప్పుచేతల్లో ఉంటుందని కాంగ్రెస్ పెద్దలు లెక్క వేసుకున్నారు. పార్లమెంటులో మొదట్లో ఆమె తడబడేవారు. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఆమెను "గూంగీ గుడియా" అన్నారు, మూగబొమ్మ అని. 1967 ఫిబ్రవరిలో మన భువనేశ్వర్‌లోనే ఎన్నికల సభలో ఎవరో రాయి విసిరితే ముక్కుకి తగిలి రక్తం కారింది. ఆ రక్తం తుడుచుకుంటూనే ఆమె మాట్లాడారు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మా ఇంటి అరుగు మీద పెద్దవాళ్ళు పేపరు ముందేసుకుని రాయి విసరడం తప్పే అన్నారు. ఆ వెంటనే "అయినా ఆడమనిషికి ఈ సభలూ ఈ గొడవలూ ఎందుకు" అన్నారు. అదే రాయి నెహ్రూగారికి తగిలి ఉంటే మగమనిషికి సభలెందుకని ఎవరైనా అనేవారా?

ఆ తర్వాత కథలో మన బరంపురం కూడా ఉంది. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పోయారు. కాంగ్రెస్ పార్టీ నీలం సంజీవరెడ్డిగారిని నిలబెట్టింది. మన ఊళ్ళో పుట్టిన వి.వి. గిరిగారు స్వతంత్రంగా పోటీకి దిగారు. ఇందిరా గాంధీ తన పార్టీ వాళ్ళకు ఫలానా వారికే వెయ్యండని చెప్పకుండా, అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమన్నారు. గిరిగారు గెలిచారు. మా వీధిలో మిఠాయిలు పంచారు. ఓడినాయన కూడా తెలుగాయనే కావడంతో మా నాన్న మాత్రం ఆ పూట ఎటూ మాట్లాడలేదు. చెప్పుచేతల్లో ఉంటుందనుకున్న పెద్దలు నవంబరులో ఆమెను పార్టీ నుంచే బహిష్కరించారు, పార్టీ రెండు ముక్కలైంది. మనుషుల బలాబలాలు ఎరిగి, సమయం చూసి వేసిన ఎత్తు అది. మంచిదో కాదో వాదించుకోవచ్చు. మూగబొమ్మ వేసే ఎత్తు మాత్రం కాదు.

1971 యుద్ధం గెలిచాక దేశం ఆమెను దుర్గ అంది. మంత్రివర్గంలో ఒకే ఒక్క మగాడు ఆమేనని కూడా అన్నారు, అదేదో గొప్ప పొగడ్త అన్నట్టు. చూడండి, బలహీనంగా కనిపిస్తే బొమ్మ. బలంగా కనిపిస్తే దేవత, కాకపోతే మగాడు. ఒక ఆడమనిషి ఆలోచించి నిర్ణయం తీసుకుంది అనడానికి మాత్రం నోరు రాలేదు.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్ష నాయకుల్ని జైల్లో పెట్టారు, పేపర్ల మీద సెన్సార్ పెట్టారు. చిన్నోడా, నీ పక్షం వాళ్ళు ఇది తప్పకుండా ఎత్తుతారు. ఎత్తాలి కూడా. ఆ విషయంలో ఆమెను ఎంత గట్టిగా నిలదీసినా తప్పులేదు, నేను ఈనాటికీ క్షమించను. కానీ "ఆడపెత్తనం ఇలాగే ఏడుస్తుంది" అన్నవాళ్ళను అప్పట్లో చాలామందిని విన్నాను. ఆ ఒక్క మాటతో మిగతా ప్రశ్నలన్నీ మూతబడిపోయాయి. కాగితం మీద సంతకం పెట్టిన రాష్ట్రపతి మగవాడు. మర్నాడు పొద్దున ఆమోదం తెలిపిన మంత్రులు దాదాపు అందరూ మగవాళ్ళే. ఒక్కరైనా ఎందుకు ఎదురు చెప్పలేదు? ఇది అడగాల్సిన ప్రశ్న. 1977లో జనం ఆమెను రాయ్‌బరేలీలోనే ఓడించారు. 1980లో మళ్ళీ గెలిపించారు, మన తెలుగువాళ్ళ మెదక్ నుంచి కూడా. ఓటరు ఆమెను మగ నాయకుడిని చూసినట్టే చూశాడు. చేసిన పనికి శిక్ష వేశాడు, తర్వాత వచ్చినవాళ్ళ పని నచ్చక మళ్ళీ పిలిచాడు. అరుగుల మీద కబుర్ల కంటే ఓటు పెట్టె దగ్గరే మనవాళ్ళకు తెలివి ఎక్కువ ఉంది.

శ్రీలంకలో సిరిమావో బండారనాయకే 1960లోనే ప్రధాని అయ్యారు, ప్రపంచంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. భర్త హత్య జరిగిన మరుసటి ఏడే వచ్చారు కాబట్టి "ఏడ్చే విధవ" అని వెక్కిరించారు. పాకిస్తాన్‌లో బేనజీర్, బంగ్లాదేశ్‌లో ఖలీదా, హసీనా అందరూ ఎవరో ఒకరి కూతురో భార్యో. చిన్నోడా, నీకు బలమైన పాయింటు ఇదే, వాడుకో. కుటుంబం పేరుతో వచ్చినవాళ్ళే ఎక్కువ అను. అక్క ఏం జవాబు చెబుతుందో కూడా ముందే తెలుసుకో. తండ్రి సీట్లో కొడుకు కూర్చుంటే వారసుడంటాం, కూతురు కూర్చుంటే కీలుబొమ్మ అంటాం. వెనక ఏ కుటుంబమూ లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. మాయావతి, మమతా బెనర్జీ అలా వచ్చినవాళ్ళే. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము కూడా.

ముర్ముగారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఇది మన ఒడిశా కథ. మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా అనే సంతాల్ పల్లెలో పుట్టారు. ప్రభుత్వాఫీసులో చిన్న ఉద్యోగం చేశారు, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పారు. 1997లో రాయ్‌రంగపూర్‌లో కౌన్సిలర్ అయ్యారు, 2000లో ఎమ్మెల్యే, ఆ తర్వాత మంత్రి. 2015లో జార్ఖండ్ గవర్నర్. 2022 జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ రోజుల్లో టీవీలో మనం ఏం చూశాం? ఆమె గుడి ఊడవడం, భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న దుఃఖం, ఎంత ఓర్పో అన్న మాటలు. దుఃఖం నిజమే, ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. కానీ 2017లో ఆమె గవర్నరుగా చేసిన ఒక పని గురించి మన వీధిలో ఎవరినడిగినా తెలియదన్నారు. ఆదివాసీల భూముల చట్టాలను సవరిస్తూ జార్ఖండ్ అసెంబ్లీ బిల్లులు పంపితే, ఆమె సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. అక్కడున్నది తను వచ్చిన పార్టీ ప్రభుత్వమే. రాయగడ, కొరాపుట్, గజపతి కొండల్లో భూమి అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ సంతకం పెట్టకపోవడం ఎంత పెద్ద సంగతో ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దదానా, నీ పాయింట్లలో ఇది ముందు పెట్టు. చీపురు సంగతి వదిలెయ్.

నందినీ శతపథీ పేరు మీ పుస్తకాల్లో ఉందో లేదో. 1972 నుంచి 1976 దాకా మన ఒడిశా ముఖ్యమంత్రి. పదవి పోయాక ఆమె మీద కేసు పెట్టి పోలీసులు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పనన్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1978లో కోర్టు, నిందితులకు తమ మీదికే నేరం వచ్చే ప్రశ్నలకు మౌనంగా ఉండే హక్కుందని, ఆడవాళ్ళను విచారణకని స్టేషన్‌కు పిలవకూడదని చెప్పింది. ఈ దేశంలో లాయరు చదువు చదివే ప్రతివాళ్ళూ ఆమె పేరు మీదున్న ఆ తీర్పు చదువుతారు.

ఇక మన గంజాం. 2019లో ఆస్కా నుంచి ప్రమీలా బిసోయి లోక్‌సభకు గెలిచారు. మూడో తరగతి దాకా చదివి, పొదుపు సంఘాలు నడిపిన పెద్దావిడ. మెజారిటీ రెండు లక్షల పైనే. అందరూ "పరి మా" అంటారు. టికెట్ వచ్చిందనగానే నేను విన్న మొదటి మాట, "ఢిల్లీలో ఏం మాట్లాడుతుంది, ఇంగ్లీషు రాదు, హిందీ రాదు" అని. ఎంపీ అన్నాక సభలో మాట్లాడాలి, అడగండి, తప్పులేదు. అయిదేళ్ళలో సభలో నోరు విప్పని మగ ఎంపీలను కూడా అదే గొంతుతో అడిగారా మరి? ఆ ఏడాది ఒడిశాలో ఉన్న 21 సీట్లలో ఏడింట ఆడవాళ్ళు గెలిచారు, సరిగ్గా మూడో వంతు. ఒక పార్టీ మూడో వంతు టికెట్లు ఆడవాళ్ళకు ఇచ్చింది కాబట్టి అందులో అయిదుగురు ఆ పార్టీ వాళ్ళే. ఏ చట్టమూ బలవంతం చెయ్యలేదు. 2024లో ఆస్కాలో పార్టీ మారింది గానీ గెలిచింది మళ్ళీ మహిళే. జనం ఆడవాళ్ళకు ఓటెయ్యరనే మాట టికెట్లు పంచేవాళ్ళు చెప్పే మాట. 2024లో దేశం మొత్తం మీద 543 మందిలో ఆడవాళ్ళు 74 మందే. 2019లోనే ఓటేసిన ఆడవాళ్ళ శాతం మగవాళ్ళ కంటే కాస్త ఎక్కువైంది. క్యూలో దాదాపు సగం, సభలో ఏడో వంతు కూడా లేరు.

ఢిల్లీ సంగతి పక్కన పెట్టి పంచాయతీకి వద్దాం. రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి రాకముందే బిజూ పట్నాయక్ హయాంలో ఒడిశా పంచాయతీల్లో మూడో వంతు ఆడవాళ్ళకిచ్చింది. ఇప్పుడు సగం. పోయిన ఏడాది పర్లాకిమిడి అవతల ఒక ఊళ్ళో పల్లిసభకు, అంటే ఊరివాళ్ళంతా కూర్చునే సభకు, మీ పెద్దత్తతో వెళ్ళాను. సర్పంచ్ ఒక పాతికేళ్ళ అమ్మాయి. కుర్చీలో ఆమె, పక్క కుర్చీలో భర్త. పంచాయతీ సీలు ఆయన చొక్కా జేబులో ఉంది. ఎవరేం అడిగినా ఆయనే చెబుతున్నాడు. పొదుపు సంఘం నుంచి వచ్చిన ఒకావిడ లేచి, మూడో వార్డు బోరు ఎప్పుడు బాగవుతుందని అడిగింది. ఆయన నోరు తెరవబోతే, "మిమ్మల్ని కాదు బాబూ, సర్పంచమ్మనే అడుగుతున్నాను" అంది. సభ అంతా గప్‌చుప్. ఆ అమ్మాయి లేచింది. పైపు ఎన్ని అడుగుల దగ్గర విరిగిందో, జేఈకి, అంటే జూనియర్ ఇంజనీరుకి, ఎప్పుడు కాగితం ఇచ్చిందో, సామాను ఎక్కడ ఆగిందో గడగడా చెప్పింది. ఒక్క కాగితం చూడలేదు. అన్నీ తెలుసు ఆమెకు, అంతవరకూ ఎవరూ అడగలేదు. సీలు మాత్రం ఆ పూట కూడా ఆయన జేబులోనే ఇంటికి పోయింది, అది నాకు బాధగా ఉంది.

పేరు విషయం కూడా ఇలాంటిదే. మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు. చివరికి దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి పోయాయి. కఠినమైన పనే, కానీ ఆయన చేసింది సరైనదని నా నమ్మకం. ఆ పట్టు పట్టకపోతే ఇంకా ఎన్నేళ్ళు ఫలానావారి భార్యలుగానే ఓటేసేవాళ్ళో. మన వైపు చూడండి, గిరిగారి పేరు అందరికీ తెలుసు. ఆయన తల్లి సుభద్రమ్మ శాసనోల్లంఘన రోజుల్లో ఇదే బరంపురంలో మద్యం వద్దని సమ్మె నడిపి అరెస్టయ్యారు. ఆ ఇంటి రాజకీయం గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ పేరు ఎంతమంది ఎత్తుతారు?

2023లో లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకని చట్టం చేశారు. 1996లో మొదటిసారి పెట్టిన బిల్లు అది, ఇరవై ఏడేళ్ళు నానింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. పెద్దదానికి మొదటి ఓటు వచ్చేనాటికి ఎంత అమలైందో నువ్వే చూస్తావు. డిబేట్‌లో ఎవరైనా "చట్టం వచ్చేసిందిగా, ఇంకేమిటి" అంటే ఆ షరతు గుర్తు చెయ్యి.

చిన్నోడా, సరిపోదని మాట్లాడాల్సి వచ్చిందని టెన్షన్ పడకు. కుటుంబ వారసత్వం, భర్తల పెత్తనం, ఎమర్జెన్సీ అన్నీ నీ వైపు వాడుకోవచ్చు. ఆడవాళ్ళకు మనసు మెత్తన, కోపం ఎక్కువ, ఇంటి పని ఉంటుంది అనే మాటలు మాత్రం నా మనవడి నోట రాకూడదు. పెద్దదానా, నువ్వూ "అమ్మలాంటిది, ఓర్పు గలది" అని మొదలుపెట్టకు. వాళ్ళు ఏ పదవిలో ఏ సంతకం పెట్టారో, ఏది పెట్టనన్నారో చెప్పు. వీలైతే మీ సార్‌ని అడిగి టాపిక్‌ని "మన నాయకులను ఏం చూసి ఎంచుకోవాలి" అని మార్చమనండి. మార్చకపోతే ఉన్నదాని మీదే మాట్లాడండి.

డిబేట్ ఏ రోజో ఫోన్ చెయ్యండి, వీలుంటే పొద్దున బస్సుకి నేనూ వస్తాను.

మీ మామ్మ