ఊట సన్నం, మోటారు పెద్దది: దక్షిణ తెలంగాణ ఇంటి బావుల నేపథ్యం

ఏటా మార్చి దాటేసరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఇళ్లలో ఒకే తీరు ఫిర్యాదు వినిపిస్తుంది. బోరు పది నిమిషాలు పోసి గాలి కొడుతుంది, గంటో రెండు గంటలో ఆపి మళ్లీ వేస్తే మరో నాలుగు బిందెలు వస్తాయి. చాలామంది దీన్ని ‘బోరు పోయింది’ అని తేల్చేసి, పక్కనే మరొకటి వేయించడానికి బోరు బండిని మాట్లాడుకుంటారు. అయితే పూర్తిగా ఎండిన బోరు వేరు, సన్నగా ఊరే బోరు వేరు. ఈ రెండో రకం ఇక్కడి నేలకు కొత్త కాదు. ఈ ప్రాంతపు బావులు ఎప్పుడూ నెమ్మదిగానే నిండేవి. వెనకటి ఇళ్లలో ఆ నెమ్మదికి తగిన ఏర్పాటు ఉండేది, గత నలభై యాభై ఏళ్లలో అది చెదిరిపోయింది.

ముందుగా రాయి సంగతి చెప్పుకోవాలి. ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో అధిక భాగం కింద ఉన్నది గ్రానైటు, గ్నైస్ వంటి గట్టి రాయి. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సున్నపురాయి ఉంది కనుక అక్కడి లెక్క వేరు. గట్టి రాతికి తనంతట తాను నీటిని పట్టి ఉంచే గుణం లేదు. నీరు ఉండేదల్లా పైన చివికిపోయిన మొరం పొరలోనూ, దాని దిగువన రాతిలో అక్కడక్కడా ఉన్న పగుళ్లలోనూ మాత్రమే. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా పలచబడతాయి కాబట్టి, రెండు వందల అడుగుల్లో పడని జల ఎనిమిది వందల అడుగుల్లో పడుతుందన్న హామీ ఏమీ ఉండదు. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ప్రాంతంలో, ఆ వానలో కొద్ది వంతు మాత్రమే మొరంలోకి ఇంకుతుంది. ఒకే వీధిలో ఒక ఇంటి బోరు రెండించుల నీళ్లు పోస్తుండగా ఎదురింటి బోరు దుమ్ము లేపడానికి కారణం కూడా ఈ పగుళ్లే. ఇందులో అదృష్టం పాలు ఎంతో కొంత ఉంటుంది కాబట్టే కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేవారికి నేటికీ గిరాకీ తగ్గలేదు.

పూర్వులు ఈ నేలకు రెండు విధాల సర్దుకున్నారు. మొదటిది చెరువు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలంలో తవ్విన ఉదయసముద్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. చెరువు నిండితే కట్ట కింది బావుల్లో ఊట పెరుగుతుందన్నది ఊరందరికీ తెలిసిన విషయమే. రెండోది ఇంటి వాకిట్లోనో పెరట్లోనో ఉండే చేదబావి. ఎనిమిది నుంచి పన్నెండడుగుల వెడల్పున మొరం దాటి రాయి తగిలేదాకా తవ్వి, లోపల రాతికట్టుతో, పైన గిరకతో నిలిపిన ఈ బావులు వడ్డెర కుటుంబాల పనితనం. వాటిలోనూ ఊట సన్నగానే ఉండేది. తెల్లవారుజామున చేదుకుంటే మట్టం దిగిపోయేది, మధ్యాహ్నానికి కొంత, మర్నాటికి మరికొంత ఊరేది. నడివేసవిలో నీరు అడుగంటినప్పుడు కూలీలను దింపి పూడిక తీయించేవారు. ఎవరూ దాన్ని బావి చెడిపోవడంగా భావించలేదు. అది ఏటా చేసుకునే పని.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి, ఎందుకంటే నేటి ఇబ్బందికి మూలం అందులోనే ఉంది. పదడుగుల వెడల్పు ఉన్న బావిలో ఒక్క అడుగు నీరు అంటే దాదాపు 2,200 లీటర్లు. ఆరున్నర ఇంచుల బోరులో అదే ఒక్క అడుగు నీరు ఆరున్నర లీటర్లకు మించదు. పాత బావిలో ఒక అడుగున నిలిచే నీటిని బోరులో నిలపాలంటే సుమారు 340 అడుగుల నీటి స్తంభం కావాలి. అంటే చేదబావి నీటి దారి మాత్రమే కాదు, ఇంటి హౌజు కూడా. రాత్రంతా ఊరిన నీరు అందులోనే నిలిచి తెల్లవారేసరికి సిద్ధంగా ఉండేది. బోరు వచ్చాక దారి మిగిలింది, హౌజు పోయింది.

పాత బావులు వెనకబడటానికి కరువు ఒక్కటే కారణం అనుకోవడం సరికాదు. ప్రజారోగ్యం పాత్ర కూడా అందులో పెద్దదే. మెట్లు దిగి కాళ్లు తడుపుతూ నీళ్లు ముంచుకునే దిగుడు బావుల వల్ల నారి కురుపు (గినియా పురుగు వ్యాధి) వ్యాపించేది. 1980లలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇలాంటి బావులకు బదులు చేతిపంపులు వేశారు, 2000లో భారతదేశానికి ఆ వ్యాధి నుంచి విముక్తి పొందినట్లు ధ్రువీకరణ లభించింది. అంతకుముందే, 1960ల చివర, గట్టి రాతిని గాలి ఒత్తిడితో తొలిచే రిగ్గులు యునిసెఫ్ సాయంతో దేశంలోకి వచ్చాయి. 1970ల చివరికల్లా ఇండియా మార్క్-2 చేతిపంపు రూపుదిద్దుకుంది. మన ఊళ్లలో దాన్నే బోరింగు అన్నారు. బోరింగు దగ్గర కూడా సన్నని ఊట పెద్ద సమస్య కాలేదు, చేత్తో కొట్టి తోడే వేగానికి ఒక హద్దు ఉంది కనుక.

ఆ హద్దును చెరిపేసింది కరెంటు. మోట కాలంలో జత ఎడ్ల సత్తువ ఎంతో బావి నుంచి తోడే నీరూ అంతే. 1969 తర్వాత గ్రామీణ విద్యుదీకరణ, జాతీయం చేసిన బ్యాంకుల అప్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పొలం బావుల్లో మోటార్లు, ఆ తర్వాత పొలాల్లో బోర్లు పెరిగాయి. 2004 మేలో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించారు, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది ఇరవై నాలుగు గంటల సరఫరా అయింది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయమని ఆ సమయంలో ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చిందంటే, నీరు ఎంత వేగంగా పైకి వస్తుందో అర్థమవుతుంది. ఇందులో రైతును తప్పుపట్టడం తేలిక, కానీ కాలువ రాని మెట్ట ప్రాంతంలో అతని ముందున్న దారి అదొక్కటే. ఫలితం మాత్రం ఊళ్లోని ఇళ్ల మీద పడింది. పొలం బోర్లు మొరం పొరలోని నీటిని లాగేయడంతో ముప్పై నలభై అడుగుల చేదబావులు ముందుగా ఎండాయి. వాటిలో కొన్ని చెత్తకుప్పలయ్యాయి, మరికొన్నింటిని పూడ్చి వాటి మీదే గదులు వేసుకున్నారు.

ఈ కథ నల్లగొండ జిల్లా అంతటా ఒకలా సాగలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు భూములు తడిశాయి, కాలువ నీటి ఇంకుడుతో బావులూ నిలిచాయి. కాలువ కంటే ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలకు ఆ భాగ్యం దక్కలేదు. పైగా అక్కడి రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిలో అది ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, సన్నని బోరును ఇంకా లోతు చేయించడం కొన్ని చోట్ల నీటితో పాటు జబ్బును కూడా తెచ్చిపెట్టింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీటి గోడు వినిపించడానికి నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది.

ఆ తర్వాతి పెద్ద మలుపు కుళాయి. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరిగిన మిషన్ భగీరథ, మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన పల్లెలకు నది నీటిని అందించాలన్నది లక్ష్యంగా పెట్టుకుంది. తాగడానికి బోరు మీద ఆధారపడటం చాలా ఇళ్లలో ఇలా తగ్గింది. అయినా పైపు పగిలిన రోజున, పశువులకూ బట్టలకూ చెట్లకూ నీళ్లు కావలసి వచ్చినప్పుడు ఇల్లు మళ్లీ బోరు వైపే చూస్తుంది.

కాబట్టి సన్నగా పోసే బోరు ఉన్న ఇంటివారు మొదట తెలుసుకోవలసింది అది గంటకు ఎంత ఊరుతుందన్నది. మోటారు గాలి కొట్టేదాకా నడిపి ఆపి, సరిగ్గా గంట తర్వాత మళ్లీ వేసి, ఎన్ని బిందెలు వచ్చాయో లెక్కపెడితే చాలు. ఈ కొలత వేసవిలో తీయాలి. దసరాకు తీసిన లెక్క ఏప్రిల్‌కు పనికిరాదు. నిమిషానికి ఒక లీటరే ఊరినా రోజుకు 1,440 లీటర్లు అవుతుంది. అయిదుగురు ఉన్న ఇంటికి, మనిషికి 100 లీటర్ల లెక్కన చూసినా, కావలసింది 500 లీటర్లే. కాగితం మీద ఈ బోరు ఇంటికి రెండింతలకు మించి సరిపోతుంది. అయినా ఇంట్లో నీటి కొరత ఉంటుంది, ఎందుకంటే రోజంతా చినుకు చినుకుగా ఊరే నీటిని అందరూ స్నానాలు చేసే అరగంటలోనే లాగాలని చూస్తారు. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో నడిచిన ప్రాజెక్టులో, రైతులు తమ బావుల నీటిమట్టాన్ని తామే కొలిచి రాసుకుని దాన్ని బట్టి పంటలు నిర్ణయించుకున్నారు. ఆ అలవాటు పొలాల దగ్గరే ఆగిపోయింది, ఇళ్లలోకి రాలేదు.

కొలత తెలిశాక చేయవలసింది పోయిన హౌజును తిరిగి తెచ్చుకోవడం. రెండు మూడు వేల లీటర్ల సంపు కట్టి, బోరు మోటారును టైమరుతో గంటకోసారి కొద్ది నిమిషాలు మాత్రమే నడిపి, ఆ నీటిని సంపులోకి వదిలి, అక్కడి నుంచి వేరే చిన్న మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించడం ఇందులో తేలికైన మార్గం. కొత్త బోరు వేయించి నీరు పడకపోతే పోయే సొమ్ముతో పోలిస్తే సంపు ఖర్చు మరీ భారమనిపించదు, పైగా సంపు కట్టించాక అది తప్పకుండా మిగులుతుంది. మోటారు శక్తి తగ్గించడం, గేట్ వాల్వు కొంత మూసి పోత తగ్గించడం కూడా పనికొస్తాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్టూ ఉన్న నీటితోనే చల్లబడుతుంది కనుక, నీరు లేకుండా తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. డ్రై రన్ రక్షణ ఉన్న స్టార్టరు లేకుండా ఇలాంటి బోరును నడపడం ఏమాత్రం మంచిది కాదు. మోటారు అసలే నిలవని చోట కొందరు కంప్రెసర్‌తో గాలి పంపి నీటిని పైకి తెచ్చుకుంటారు. దానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, కానీ మోటారు కాలిపోయే బెంగ ఉండదు.

ఫ్లషింగ్, అంటే గాలి ఒత్తిడితో బోరును కడిగించడం, చేయిస్తే పగుళ్లలో చేరిన ఒండ్రు పోయి పాత బోర్లు కొంత కోలుకోవచ్చు. మొదటి నుంచీ ఊట లేని బోరుకు అది పనిచేయదు. పెరట్లో ఎండిన చేదబావి ఇంకా పూడ్చకుండా ఉన్నవారు మాత్రం తమది మిగతావారి కంటే మెరుగైన స్థితి అని గుర్తించాలి. పూడిక తీయించి, అడుగున గోడల్లోకి అడ్డంగా తొలిచే అడ్డబోర్లు వేయించి చూడవచ్చు. ఊట రాకపోయినా, బోరు నీటికీ వాననీటికీ అదే పెద్ద తొట్టి అవుతుంది. ఏళ్ల తరబడి మూసి ఉన్న బావిలో ప్రాణవాయువు లేకపోయే ప్రమాదం ఉంది కాబట్టి, లోపలి గాలిని పరీక్షించకుండా మనిషిని దింపకూడదు.

కొత్త బోరే వేయించాలనుకునేవారికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయడంపై ఆంక్ష ఉంది. ఊళ్లలో ఈ చట్టం మాట వినిపించేది ఎక్కువగా పొరుగువారితో తగాదా వచ్చినప్పుడే. విఫలమైన బోరు గొయ్యిని పైదాకా పూడ్చివేయాలని 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఇంటి బోర్లకు కూడా వర్తిస్తాయి.

చివరిగా వాననీరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు. నష్టాలు పోను యాభై వేలకు పైగా దక్కుతుంది, అంటే పై లెక్కలోని ఇంటికి మూడు నెలలకు మించిన వాడకం. దీన్ని కంకర, ఇసుక వేసిన ఇంకుడు గుంత ద్వారా బోరు దగ్గర భూమిలోకి దింపవచ్చు, పాత బావి ఉంటే వడగట్టి అందులోకే వదలవచ్చు. జూన్‌లో పడే తొలి రెండు మూడు వానల నీరు మిద్దె మీది దుమ్మును, పక్షుల రెట్టను మోసుకొస్తుంది కనుక, దాన్ని పక్కకు పోనిచ్చేలా పైపుకు ఒక మూత అమర్చుకోవాలి. వడగట్టని నీటిని నేరుగా బోరు పైభాగాన దించిన కేసింగ్ పైపులోకి వదలడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఆ బురద చేరి మూసుకుపోయే పగుళ్లే బోరుకు ఉన్న ఒక్క ఆధారం.