వోకల్ ప్రాసెసర్: పాడేవాళ్ళ అపోహలు, మిక్సర్ దగ్గర తేలే వాస్తవాలు

చెన్నైలో కల్యాణ మండపాలకీ, తెలుగు సంఘాల కార్యక్రమాలకీ, చిన్న సభలకీ చాలా ఏళ్ళుగా మైకు సెట్టు చూస్తున్నాను. ఈమధ్య పాడేవాళ్ళే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి వోకల్ ప్రాసెసర్ కొని తెచ్చుకుంటున్నారు. మంచిదే. మైకుకీ మిక్సర్‌కీ మధ్య ఉండి గొంతుని దిద్దే పెట్టె అది: గేటు, పెద్ద శబ్దాన్ని అణిచే కంప్రెసర్, మంద్ర, తార ధ్వనుల పాళ్ళు సర్దే ఈక్యూ, ప్రతిధ్వని కలిపే రివర్బ్, కొన్నింట్లో శ్రుతి సవరణ కూడా. ఒకప్పుడు రాక్ నిండా ఉండే సామాను ఇప్పుడు చిన్న పెట్టెలో ఇమిడిపోయింది. కానీ దాంతోపాటు కొన్ని నమ్మకాలూ స్టేజీ ఎక్కుతున్నాయి. వాటివల్ల మంచి గొంతులు పాడవుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: గేటు గట్టిగా పెడితే గొంతు శుభ్రంగా వస్తుంది

శబ్దం ఒక మట్టం కిందికి దిగగానే మైకు మూసేయడం గేటు పని. మన మాటలేమో అచ్చులతో ముగుస్తాయి. ‘వెన్నెల’, ‘రాముడు’, ‘వచ్చాను’ అంటున్నప్పుడు చివరి అచ్చు మెల్లగా సన్నగిల్లుతుంది. గేటు సరిగ్గా అక్కడే కత్తెర వేస్తుంది. పెరంబూరులో ఒక పద్యనాటకం రాత్రి, ప్రాసెసర్‌ని ఎవరో ముందే సెట్ చేసి ఇస్తే నేనూ తరచి చూడలేదు. పద్యం చివర రాగం తీస్తూ నటుడు గొంతు దించారు, మైకు మూసుకుపోయింది. పాపం, మైకు పోయిందనుకుని ఆయన గట్టిగా అందుకున్నారు. ఏడిపించాల్సిన పద్యం అరుపైపోయింది. ఆ రాత్రి నుంచి ఏ పెట్టె వచ్చినా మొదట గేటే చూస్తాను.

హరికథలో చిక్కు ఇంకోలా ఉంటుంది. గొంతు ఆగినప్పుడు మూసుకోవాల్సిన గేటుని చిడతలు తెరిచేస్తుంటాయి.

మైకుని పూర్తిగా మూయకుండా సన్నటి శబ్దాన్ని కాస్త తగ్గించే ఎక్స్‌పాండర్ ఉంటే గేటు బదులు అది వాడండి. నిష్పత్తి 2:1, తగ్గింపు 6 నుంచి 10 డెసిబెల్స్ లోపు, రిలీజ్ (శబ్దం తగ్గడానికి అది తీసుకునే సమయం) 300 మిల్లీసెకండ్లకు తగ్గకుండా. శాస్త్రీయ సంగీతానికైతే నేను రెండూ ఆపేస్తాను.

అపోహ: శ్రుతి తప్పినా పెట్టె దిద్దేస్తుంది

1997లో ఆటో-ట్యూన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో, భూమి లోపలి నుంచి తిరిగొచ్చే తరంగాలను విశ్లేషించే పని చేసినవాడు. ఇలాంటి సవరణ ఏదైనా చేసేది ఒకటే: మీరు పాడిన స్వరస్థానం కొలిచి, మీరు ఎంచి పెట్టిన స్వరాల్లో దగ్గరిదానికి లాగుతుంది. ఆ స్వరాలు ఎంచి పెట్టే బాధ్యత మీదే. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని పెట్టెని సి మేజర్ అనే పాశ్చాత్య స్వరవరుసలోనే వదిలేశారనుకోండి. ఐదున్నర అంటే జి షార్ప్. సి మేజర్‌లో ఆ స్వరమే లేదు. అంటే ఆమె షడ్జమే పక్క స్వరానికి జారిపోతుంది!

పన్నెండు స్వరాలూ ఉంచితే సరిపోతుందా? తోడి పాడి చూడండి. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపే తోడి. వేగంగా దిద్దే పెట్టె ఆ ఊపుని మెట్లుగా కోసేస్తుంది. సినిమా పాటలకి నెమ్మదిగా, కొద్దిగా వాడుకోవచ్చు. గమకం ఉన్నచోట మాత్రం దయచేసి ఆపేయండి.

అపోహ: ప్రాసెసర్ ఉంటే మైకు కుయ్యిమనదు

తప్పుగా పెట్టిన కంప్రెసర్ కూతని దగ్గరికి తెస్తుంది. పెద్ద శబ్దాన్ని అణిచి, ఆ లోటు పూడ్చడానికి మొత్తాన్ని 6 డెసిబెల్స్ పెంచారనుకుందాం. మీరు ఊపిరి తీసుకునే క్షణంలో కంప్రెసర్ పట్టు వదులుతుంది. పెంచిన 6 డెసిబెల్స్ మాత్రం అలాగే ఉంటాయి. స్పీకర్ శబ్దం మైకులోకి తిరిగి దూరేది అప్పుడే. 3:1 నిష్పత్తితో, గట్టిగా పాడేచోట 4, 5 డెసిబెల్స్ తగ్గితే చాలు.

కూతకి అసలు మందు పెట్టె బయటే ఉంది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకైతే మానిటర్ (పాడేవాళ్ళకి వినిపించే స్పీకర్) సరిగ్గా దాని వెనక ఉండాలి. నేరుగా వెనక నుంచి కూడా కొంత పట్టే సూపర్ కార్డియాయిడ్‌కి నేరుగా వెనక కాకుండా కాస్త పక్కకి జరపాలి. జాలీని పిడికిలితో మూసి పట్టుకోవద్దు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకి ముందు మిగిలే జాగా 3 డెసిబెల్స్ తగ్గుతుంది. భజన బృందంలో ఒక మైకు బదులు ఎనిమిది తెరిస్తే 9 డెసిబెల్స్ పోయినట్టే.

అపోహ: ఎకో ఎంత పెడితే గొంతు అంత తియ్యన

నున్నటి రాతి నేల, ఖాళీ గోడలు ఉన్న మండపం తనంతట తానే మోగుతుంది. దాని మీద మళ్ళీ రివర్బ్ పోస్తే ముందు పోయేవి ద్విత్వాక్షరాలు. ‘అక్క’, ‘చెప్పు’ అనేటప్పుడు మధ్యలో చిన్న నిశ్శబ్దం ఉంటుంది. ఒత్తు చెవికి తెలిసేది దానివల్లే. రివర్బ్ తోక ఆ సందుని పూడ్చేస్తుంది. పాటకి పాటకి మధ్య మాట్లాడేటప్పుడు ఫుట్‌స్విచ్‌తో ఆపేయండి.

అపోహ: ఫాంటమ్ పవర్ వేస్తే మామూలు మైకు కాలిపోతుంది

కండెన్సర్ మైకు పనిచేయడానికి కేబుల్‌లోంచే పంపే 48 వోల్టుల కరెంటే ఫాంటమ్ పవర్. కేబుల్ సరిగ్గా ఉంటే, ఆ కరెంటు అక్కర్లేని ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకి దాంతో ఏమీ కాదు. పాత రిబ్బన్ మైకుల విషయంలోనే జాగ్రత్త. కండెన్సర్ మైకుని ప్రాసెసర్‌కి కలిపినప్పుడు మాత్రం ప్రాసెసర్‌లోని ఫాంటమే వేయాలి. చాలా ప్రాసెసర్లలో, మిక్సర్‌లో వేసింది పెట్టె దాటి మైకుదాకా రాదు.

అపోహ: గెయిన్ ఎంత పెంచితే అంత బలం

అన్నీ ఆపేసి, మీ కచేరీలో అన్నిటికన్నా గట్టిగా పాడే చరణం అందుకోండి. మీటర్ మైనస్ 10 దగ్గర ఆడేలా గెయిన్ (మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టండి. ఈక్యూలో 100 హెర్ట్జ్ కంటే కిందున్న మంద్ర ధ్వనిని కోసేయండి. తర్వాతే మిగతావి, ఒక్కొక్కటిగా. ప్రాసెసర్ లైన్ స్థాయిలో, అంటే మైకు కన్నా బలమైన సిగ్నల్, పంపుతుంటే మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి. మైకు ఇన్‌పుట్‌కి ఇచ్చి, గొంతు పగులుతోందని మైకుని తప్పుపట్టేవాళ్ళు చాలామంది.

అపోహ: గుంయ్‌మని హమ్ వస్తే ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయాలి

ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. పెదవులకి ఆనే లోహపు జాలీ అది, పట్టుకున్న చేతికి చెమట. హమ్ పోవాలంటే ప్రాసెసర్ మీదో, సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చే డీఐ బాక్స్ మీదో ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీసే మీట) నొక్కండి, ప్రాసెసర్‌కీ మిక్సర్‌కీ ఒకే చోటి నుంచి కరెంటు ఇవ్వండి. ఎర్త్ పిన్ విరిచిన ప్లగ్గు కనిపిస్తే, ముహూర్తం దాటిపోతోందని ఎవరెంత తొందరపెట్టినా సరే, అది మార్చేదాకా నేను మైకు ఆన్ చేయను.