మైక్రోస్కోపు ఫొటోల వేగం: కెమెరా మారిస్తే సరిపోతుందా?

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఎల్‌ఈడీ మైక్రోస్కోపు నేర్పిస్తుంటాను. 2013లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ నుంచి వచ్చిన ఈ పద్ధతి పేరు ఫూరియర్ టైకోగ్రఫీ. స్లైడ్ కింద బల్బు బదులు ఎల్‌ఈడీల ప్యానెల్ ఉంటుంది. ఒక్కో ఎల్‌ఈడీ వెలిగించి ఒక్కో ఫొటో తీస్తాం. ఏటవాలుగా పడే వెలుగు, మామూలుగా లెన్సుకు అందని సన్నటి వివరాలను కూడా లోపలికి పంపిస్తుంది. అన్నిటినీ కంప్యూటర్ కలిపితే 4ఎక్స్ (నాలుగింతలు పెద్దది చేసే) లెన్సుతోనే 20ఎక్స్ పదును వస్తుంది, అదీ 4ఎక్స్‌లో కనిపించే వైశాల్యమంతటా. చిక్కల్లా టైంతోనే. దాని గురించి పిల్లలూ, ల్యాబ్ వాళ్లూ అనే మాటలే ఇవి.

అపోహ: హైస్పీడ్ కెమెరా కొంటే పని అయిపోతుంది.

నడిమి ఎల్‌ఈడీల ఫొటోలు మిల్లీసెకన్లలో అయిపోతాయి. అంచు ఎల్‌ఈడీల దగ్గరే ఆలస్యం. వాటి వెలుగు లెన్సులోకి నేరుగా రాదు, స్లైడ్ మీది పదార్థం చెదరగొట్టిన కొద్దిపాటి వెలుగే వస్తుంది. ఎంత ఫాస్ట్ కెమెరా అయినా అక్కడ వెలుగు కోసం ఆగాల్సిందే.

ముందు ప్యానెల్ చూడండి. గడియారం సెంటర్‌లో షాపుల ముందు అక్షరాలు పరిగెత్తే బోర్డులుంటాయి కదా, మేం వాడే 32×32 ప్యానెల్ ఆ రకమే. అది వరుసల్ని వంతులవారీగా వెలిగిస్తుంది, సాధారణంగా 16 వంతులు. అంటే ఒక్క ఎల్‌ఈడీనే వెలిగించమన్నా అది పదహారో వంతు సమయమే వెలుగుతుంది. మిగతా ఎక్స్‌పోజర్ అంతా వృథా. ఆ వరుస మీదే నిలిచిపోయేలా కోడ్ మారిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. కెమెరాకు కొటేషన్ అడిగేది ఆ తర్వాతే.

అపోహ: ఫొటోలు తగ్గిస్తే వివరాలు పోతాయి.

ఎలా తగ్గిస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. కెమెరా వెలుగు తీవ్రతనే పట్టుకుంటుంది, ఫేజ్‌ను, అంటే వెలుగు అలల ముందువెనకల తేడాను, పట్టుకోదు. పక్కపక్క ఎల్‌ఈడీలు తెచ్చే సమాచారం కొంత ఒకటే కాబట్టి, ఆ ఉమ్మడి భాగం నుంచి ఫేజ్‌ను లెక్కగడతాం. అది 60 శాతం దాకా ఉంటే నిశ్చింత. మూడో వంతు కన్నా తగ్గితే లెక్క కుదరదు. కాబట్టి ఎల్‌ఈడీలను తీసేయకూడదు, కొన్నిటిని కలిపి వెలిగించాలి. 2014లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో లారా వాలర్ బృందం ఇదే చేసి చూపించింది. 2015కల్లా మొత్తం ఫొటోలు సెకనులోపు తీయగలిగారు. అంచు ఎల్‌ఈడీలు కొన్ని కలిసి వెలిగితే ఫొటోల సంఖ్యతో పాటు ఎక్స్‌పోజర్ కూడా తగ్గుతుంది. నడిమివాటిని మాత్రం అంచువాటితో కలపొద్దు. నడిమివాటి గట్టి వెలుగు తెచ్చే నాయిస్‌లో (ఫొటోలో పడే చుక్కచుక్కల తేడాల్లో) అంచుల వివరం మునిగిపోతుంది.

అపోహ: ఏఐ ఉంటే ఒక్క ఫొటో చాలు.

దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎన్నో ఫొటోలు తీసినప్పుడు, వచ్చిన చిత్రం నుంచి వెనక్కి లెక్కగట్టి అసలు ఫొటోలతో సరిచూసుకోవచ్చు. ఒక్కటే ఉంటే దానికి సరిపోయే చిత్రాలు బోలెడు. ఏఐ నెట్‌వర్క్ తను నేర్చుకున్నవాటికి దగ్గరగా ఉన్నదాన్ని గీసిస్తుంది. రక్తం స్లైడ్‌లో ఆ చుక్క పరాన్నజీవిదా, నెట్‌వర్క్ గీసిందా అన్నది తేల్చలేం. రోగి రిపోర్టు దగ్గర అది ప్రాణంతో చెలగాటం.

అపోహ: సెకనులోపు అయితే కదిలేవన్నీ తీయొచ్చు.

పానగల్ ఉదయసముద్రం చెరువు నీటి చుక్కలో పారమీసియం అనే ఏకకణ జీవి దొరికితే చూడండి. అది సెకనుకు సుమారు 1 మిల్లీమీటరు ఈదుతుంది, అంటే తన పొడవుకు కొన్ని రెట్లు. మొదటి ఫొటోకూ చివరిదానికీ మధ్య ఎక్కడికో పోయి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను వేర్వేరు దిక్కుల నుంచి ఒకేసారి వెలిగించి, కలర్ కెమెరాతో ఒక్క ఫొటోలో ముగించే పద్ధతి ఉంది. పదును మాత్రం ఆ లెన్సుకు రెండింతల దగ్గరే ఆగుతుంది. రంగున్న నమూనాకు అదీ పనికిరాదు. పచ్చటి నాచు తనే ఎరుపునీ నీలాన్నీ పీల్చేసుకుంటే ఏది దిక్కు తేడానో, ఏది నాచు రంగో తెలియదు. అలాంటి చుక్కకు ఒకే రంగు వెలుగుతో పైన, కింద, ఎడమ, కుడి అర్ధచంద్రాలు వెలిగించి నాలుగు ఫొటోలు తీస్తాం. నెమ్మదిగా పాకే జీవుల వరకు అవి సరిపోతాయి.