కొత్తగా పని చేయించిన ఇంజిన్‌కి గారాబం పనికిరాదు: అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ మొత్తం విప్పి, సిలిండర్లు బోర్ చేయించి (లోపల కాస్త వెడల్పు చేయించి), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి బిగించాక తాళం చేతికిస్తూ నేను చెప్పే జాగ్రత్తలు విని చాలామంది అనుమానంగా చూస్తారు. ఎందుకంటే వాళ్లు అప్పటికే బయట ఒక సలహా విని వచ్చి ఉంటారు: "మెల్లగా నడుపు, వెయ్యి కిలోమీటర్ల దాకా తొక్కొద్దు." అందులో సగం నిజముంది. మిగతా సగం కొత్త రింగుల్ని పాడు చేస్తుంది.

"రోజంతా ఐడిల్‌లో వదిలేస్తే ఇంజిన్ సెట్ అయిపోతుంది"

ఇంతకంటే చెడ్డ సలహా ఇంకోటి లేదు. ఎందుకో తెలియాలంటే రింగు ఎలా పని చేస్తుందో చూడాలి.

హోనింగ్ చేసిన (సన్న రాళ్లతో రుద్దిన) సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఒకదాన్నొకటి ఖండించే సన్నని గీతలుంటాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య ఉన్న గరుకు కొసల్ని రింగు మొదట్లోనే కొద్దిగా అరగదీసి, గోడకు సరిగ్గా సరిపడే అంచును తయారు చేసుకుంటుంది. రింగులు కూర్చోవడమంటే ఇదే. అయితే రింగుకు తనంతట తానుగా ఉన్న స్ప్రింగ్ బలం దీనికి చాలదు. ఇంధనం మండినప్పుడు పుట్టే గ్యాస్, గాడిలోని ఖాళీ గుండా పై రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. అసలు పని చేసేది ఆ ప్రెషరే.

ఐడిల్‌లో సిలిండర్‌లోకి వెళ్లేది కొద్దిపాటి మిశ్రమం. ప్రెషర్ కూడా అంతంతమాత్రమే. రింగు గట్టిగా ఆనదు, గరుకు కొసలు అరగవు. పైగా గోడ మీద మిగిలిన ఆయిల్ వేడికి మాడి, గీతల్ని కప్పేస్తూ గాజులాంటి పొర కడుతుంది. దీన్నే గ్లేజింగ్ అంటాం. ఒకసారి గ్లేజ్ అయిన బోర్, అంటే సిలిండర్ లోపలి గోడ, ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మళ్లీ విప్పి హోనింగ్ చేయడం తప్ప దారి ఉండదు.

అందుకే స్టార్ట్ అయ్యాక లీకులు, ఆయిల్ ప్రెషర్, కూలెంట్‌లో గాలి లేకపోవడం చూసుకుని, ఇంజిన్ వేడెక్కగానే రోడ్డెక్కమంటాను. మూడో గేర్‌లో నలభై నుంచి ఎనభై దాకా సగానికి పైగా యాక్సిలరేటర్ తొక్కి లాగించాలి. తర్వాత కాలు పూర్తిగా తీసేసి, క్లచ్ తొక్కకుండా గేర్‌లోనే వేగం తగ్గనివ్వాలి. లాగేటప్పుడు రింగులు గోడకు నొక్కుకుంటాయి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో వచ్చే వాక్యూమ్ ఆయిల్‌ను పైకి లాగి, అరిగిన పొడిని కడుగుతుంది. ఇలా పది పన్నెండు సార్లు చేయాలి, మధ్య మధ్యలో మామూలుగా నడిపి చల్లారనివ్వాలి.

ఇదంతా చదివి రెడ్ లైన్ (ఆర్పీఎమ్ ఆఖరి హద్దు) దాకా తొక్కమన్నానని అనుకోకండి. లోడ్ వేరు, ఆర్పీఎమ్ వేరు. మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఎక్కువ ఆర్పీఎమ్ వద్దు, టాప్ గేర్‌లో మూలుగుతూ లాగించడం వద్దు, వెనక ట్రైలర్ కట్టడం వద్దు. హైవే మీద గంటలకొద్దీ ఒకే వేగంతో పోవడం కూడా వద్దు. వేగం మారుతూ ఉండాలి.

వేడెక్కగానే రోడ్డెక్కమన్నదానికి ఒక మినహాయింపుంది. పాత పుష్‌రాడ్ ఇంజిన్లలో (పొడవాటి కడ్డీలతో వాల్వులు తెరిచేవి) క్యామ్ లోబ్, అంటే క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు, నేరుగా ఫ్లాట్ ట్యాపెట్ (అది నెట్టే చదునైన ముక్క) మీద రాసుకుంటుంది. కొత్త క్యామ్, ట్యాపెట్లు వేసిన అలాంటి ఇంజిన్‌ను స్టార్ట్ కాగానే 2000-2500 ఆర్పీఎమ్‌కి తెచ్చి, ఆ ఆర్పీఎమ్‌ను కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ 20-30 నిమిషాలు ఉంచాలి. క్రాంక్ చిమ్మే ఆయిలే లోబ్‌లను తడుపుతుంది కాబట్టి ఐడిల్‌లో ఆ చిమ్మడం చాలదు. దీనికి జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. రోలర్ ట్యాపెట్లున్న ఇంజిన్లకు ఈ తతంగం అక్కర్లేదు.

"టైట్‌గా ఉంటేనే మంచి పని, నడుస్తుంటే ఫ్రీ అవుతుంది"

రింగులు వేశాక క్రాంక్ తిప్పడం కాస్త బరువవుతుంది. అది సహజం. బేరింగుల దగ్గర టైట్‌గా ఉంటే మాత్రం అది అరిగి ఫ్రీ కాదు, పట్టేస్తుంది. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి (బేరింగులో తిరిగే క్రాంక్ భాగానికి) సుమారు 0.05 మిల్లీమీటర్ల ఆయిల్ ఖాళీ అన్నది పాత లెక్క. ఆఖరి మాట ఆ ఇంజిన్ మాన్యువల్‌ది. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ ఎంతో చెప్పే సన్నని ప్లాస్టిక్ దారం) పెట్టి చూడండి. మెయిన్ క్యాప్ (క్రాంక్‌ను బ్లాక్‌కు పట్టి ఉంచే మూత) ఒక్కోటి బిగించాక చేత్తో క్రాంక్ తిప్పి చూడండి. ఏ క్యాప్ దగ్గర బరువైందో అక్కడే ఆగాలి.

రింగు గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య ఖాళీ) కూడా ఇంతే. గ్యాప్ తక్కువుంటే కంప్రెషన్ బాగుంటుందని కొందరు కొలవకుండానే వేసేస్తారు. వేడికి రింగు సాగి రెండు కొసలూ తగిలాయంటే ఇక అది పోవడానికి చోటుండదు. గోడను గీరుతుంది, లేదా పిస్టన్ అంచును విరగ్గొడుతుంది. గ్యాప్ కాస్త ఎక్కువైతే జరిగే నష్టం దీని ముందు చాలా చిన్నది.

"కిరోసిన్‌తో కడిగాం, బోర్ శుభ్రమే"

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. కిరోసిన్, పెట్రోల్ జిడ్డును వదిలిస్తాయి కానీ, గీతల్లో ఇరుక్కున్న హోనింగ్ రాయి పొడిని వదిలించవు. ఆ పొడి రింగుల్నీ బేరింగుల్నీ తినేస్తుంది. తర్వాత "రింగులు డూప్లికేట్" అని తిట్టుకుంటారు. వేడి నీళ్లు, డిటర్జెంట్, గట్టి బ్రష్: ఇదే పద్ధతి. ఆయిల్ గ్యాలరీల (బ్లాక్ లోపల ఆయిల్ పోయే దారుల) ప్లగ్గులు తీసి వాటిలోకీ బ్రష్ పోనివ్వాలి. కడిగి ఆరబెట్టిన వెంటనే ఆయిల్ రాయకపోతే నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది. చివరగా ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో బోర్ తుడవండి. బూడిదరంగు అంటితే మళ్లీ కడగాలి, ఎన్నిసార్లయినా సరే.

"సింథటిక్ పోస్తే రింగులు కూర్చోవు"

ఫ్యాక్టరీ నుంచే సింథటిక్ ఆయిల్‌తో వచ్చే కార్లున్నాయి, వాటి రింగులు కూర్చుంటూనే ఉన్నాయి. అయినా నేను మొదట మామూలు మినరల్ ఆయిలో, బ్రేక్-ఇన్ ఆయిలో పోస్తాను. ఎలాగూ త్వరగా పారబోసేదే కదా. మొదటి అరగంట, గంట నడిచాక ఒకసారి, 800 కిలోమీటర్లకు ఇంకోసారి ఆయిల్, ఫిల్టర్ మారుస్తాను. "అయిదు వేలకు మార్చుకోవచ్చులే" అనడం పొదుపు కాదు, అరిగిన పొడినంతా కొత్త బేరింగుల్లో తిప్పడం.

తీసిన ఫిల్టర్‌ను కోసి చూడండి. సన్నని బూడిదరంగు పొడి మామూలే. మెరిసే రేకుల్లాంటి ముక్కలు అయస్కాంతానికి అంటకుండా కనిపిస్తే బేరింగు పోతోందని అనుమానించి బండి ఆపేయాలి.

"థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది"

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. కొత్త ఇంజిన్ మరీ వేడెక్కుతుందేమోనన్న భయంతో దాన్ని తీసేస్తారు. చల్లగా నడిచే ఇంజిన్ త్వరగా అరుగుతుంది. పూర్తిగా మండని పెట్రోల్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. థర్మోస్టాట్ కొత్తది వేయండి, వాడండి.

"హెడ్ బోల్టులు బాగానే ఉన్నాయి, అవే వేసేద్దాం"

టార్క్ తర్వాత డిగ్రీల్లో తిప్పి బిగించే బోల్టులు చాలావరకు ఒకసారి సాగడానికే తయారైనవి. మాన్యువల్ కొత్తవి వేయమంటే కొత్తవే వేయాలి. బోల్టు రంధ్రాల్లో నీళ్లో ఆయిలో మిగిలితే, బిగించేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాక్ పగలొచ్చు.

"పొగ వచ్చిందంటే పని చెడిపోయినట్టే"

మొదటి నిమిషాల్లో వచ్చే పొగ, పిస్టన్లకు రాసిన ఆయిల్‌దీ, ఎగ్జాస్ట్ మీద అంటిన గ్రీజుదీ. దానికి టెన్షన్ పడొద్దు. పదిహేను వందల కిలోమీటర్లు దాటాక కూడా నీలం పొగ ఆగకపోతే, ఆయిల్ తగ్గుతూనే ఉంటే, అప్పుడు కంప్రెషన్ కొలవండి. తక్కువ చూపిస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల దగ్గరుంది, పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో ఉంది. కంప్రెషన్ అన్నిటిలో బాగానే ఉండి పొగ మాత్రం వస్తుంటే, ఇంజిన్ దింపే ముందు వాల్వ్ సీల్స్, గైడ్లు చూడమనండి.